సాయంత్రం నాలుగు దాటాక బడి ఎవరిది?

బడిలో బోరు పనిచేయడం లేదంటే మా హెచ్‌ఎం గారు ముందు ఫోన్ చేసేది నాకే. కాశీబుగ్గలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. మా అమ్మాయి ఊళ్లోని హైస్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతోంది, స్కూల్ కమిటీలో నేనూ ఒక మెంబర్ని. అందుకని చుట్టుపక్కల బడుల్లో ఏది కాలినా, ఏది విరిగినా, ఏది మాయమైనా ఆ కబురు నా షాపుకి వచ్చి తీరుతుంది. వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఇప్పుడే ఇది రాస్తున్నాను. ఏప్రిల్ చివర్లో తాళం వేసిన బడి జూన్ రెండో వారంలో తెరిచేసరికి ఏ స్థితిలో ఉంటుందో మా వైపు టీచర్లనెవర్ని అడిగినా చెబుతారు.

పోయేవి ఎప్పుడూ అవే. కుళాయిలు, స్టార్టర్ బాక్సు నుంచి బోరు దాకా ఉన్న కేబులు, వంటగదిలో గ్యాస్ సిలిండర్, అప్పుడప్పుడు బియ్యం. విరిగేవి కూడా అవే. మరుగుదొడ్ల తలుపులు, స్విచ్ బోర్డులు, ట్యూబులైట్లు, ఫ్యాన్లు. ప్రభుత్వ బడులను బాగుచేసే పథకం నాడు-నేడు 2019 నవంబర్‌లో మొదలైంది, మొదటి విడతలోనే రాష్ట్రంలో 15,715 బడులను తీసుకున్నారు. ఏ పార్టీ ఇచ్చింది, ఎవరి పేరు గోడ మీద ఉంది అన్న గొడవ నాకు అనవసరం. మేం చదువుకున్నప్పుడు ఫ్యాన్ అన్న మాటే లేదు, నీళ్లకి పక్కింటి నూతికి వెళ్లేవాళ్లం. ఇన్నాళ్లకి మన పిల్లలకి వచ్చిన వసతిని మన ఊరివాళ్లే పాడు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఒక్క ఫ్యాన్ సంగతి చూడండి. మీరు కూడా చూసే ఉంటారు, సీలింగ్ ఫ్యాన్ మూడు రెక్కల్నీ కిందికి వంచేసి తామర మొగ్గలా చేసి వదిలేస్తారు. పిల్లలకి అదొక సరదా, బెంచీ మీద బెంచీ వేసుకుని ఎక్కి వంచుతారు. బడివాళ్లు వాటిని మళ్లీ చేత్తో సరిచేసి స్విచ్ వేస్తారు. దయచేసి అలా చేయకండి. మూడు రెక్కలూ ఒకే తూకంలో, ఒకే వంపులో ఉండాలి, అందుకే కంపెనీ వాటిని సెట్టుగా ఇస్తుంది. కంటికి సరిగ్గా కనిపించినా ఒక రెక్క కాస్త తేడాగా ఉంటే ఫ్యాన్ ఊగుతుంది, ఊగి ఊగి బేరింగ్ పోతుంది, పైన కొక్కెం దగ్గర బోల్టు అరుగుతుంది. ఆ బోల్టు కింద మన పిల్లలు కూర్చుంటారు. వంచిన ఫ్యాన్‌కి రెక్కల సెట్టు మార్చడమొక్కటే మార్గం, సెట్టు వచ్చేదాకా ఆ ఫ్యాన్ దించి పక్కన పెట్టండి. వంచిన పిల్లవాడిని పిలిచి ఈ బోల్టు చూపిస్తే సగం మంది మళ్లీ ఆ పని చేయరు. వాళ్లకి అది ప్రమాదమని తెలియదు, ఎవరూ చెప్పలేదు అంతే.

ఇక నీళ్లు. ఉద్దానంలో బడి కుళాయి విరగ్గొట్టడమంటే ఏమిటో బయటివాళ్లకి అర్థం కాదు. మా దగ్గర కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఎన్నో పరీక్షలు జరిగాయి గానీ, తాగే నీటి గురించి భయపడని తల్లి మాత్రం మా ఊళ్లలో లేదు. 2023 డిసెంబర్‌లో హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో మా పల్లెలకి తెచ్చారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే తెరిచారు. అలాంటి చోట రాత్రిపూట ఎవడో కుళాయి విప్పుకుపోతే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, ఆ రోజు వందల మంది పిల్లలకి మధ్యాహ్నం అన్నం తిన్నాక చేయి కడుక్కోవడానికి కూడా నీళ్లుండవు. ఇంటి నుంచి సీసా తెచ్చుకున్నవాడు తాగుతాడు, తెచ్చుకోనివాడు ఎక్కడివి దొరికితే అవి తాగుతాడు.

ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మా పక్క మండలంలో ఒక హైస్కూల్లో సంక్రాంతి సెలవుల్లో తలుపుల గొళ్లేలు పీకేశారు, ఒక తలుపుకి కింది సగం లేదు. మళ్లీ పెట్టడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఏం చేశారో అక్కడ చదివే మా చెల్లెలి కూతురు వాళ్లమ్మతో చెప్పింది. పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశారు. నెలసరి వచ్చినవాళ్లు బడికే రాలేదు. ఒక గొళ్లెం ఖరీదెంత? దాన్ని విరగ్గొట్టినవాడికి సరదా, పెట్టించాల్సినవాళ్లకి అదొక చిన్న పని, మధ్యలో నలిగింది ఆడపిల్లలు. కమిటీల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని 2009 నాటి విద్యా హక్కు చట్టమే చెప్పింది. మీటింగులో మనం వాళ్లచేత సంతకం పెట్టించుకుని పంపేస్తాం, మాట్లాడనిస్తే ముందు ఈ తలుపు సంగతే అడుగుతారు. మా కమిటీలో ఒకావిడ, జీడి ఫ్యాక్టరీలో పని చేస్తారు, మొన్న మీటింగులో లేచి "రంగులు తరవాత ఏసుకోవచ్చు బావూ, ముందు గొళ్లేలు ఎయ్యండి" అన్నారు. అంతే, ఆ రోజే తీర్మానం అయిపోయింది.

ఇవన్నీ చేసేదెవరు అంటే అందరూ బడి పిల్లల మీదికే తోసేస్తారు. నేను చూసినంత వరకు విరగ్గొట్టేవాళ్లు వేరు, ఎత్తుకుపోయేవాళ్లు వేరు. ఫ్యాన్లు, బోర్డులు, బెంచీలు పిల్లల పని, సందేహం లేదు. గ్రౌండులో సీసాలు పగలగొట్టేది మాత్రం పెద్దవాళ్లు. చీకటి పడగానే బడి వెనక మెట్ల మీద కూర్చుని తాగుతారు, లేచేటప్పుడు సీసా గోడకేసి కొడతారు. పొద్దున్న పిల్లలు చెప్పుల్లేకుండా కబడ్డీ ఆడేది అక్కడే. లాంగ్‌జంప్ ఇసకలోంచి మా డ్రిల్ మాస్టారు గాజు పెంకులు ఏరి ఒక డబ్బాలో వేశారు, గ్రామసభకి ఆ డబ్బా తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టారు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ సభలో తల దించుకున్నవాళ్లని ఊరంతా చూసింది.

ఎత్తుకుపోయేవాళ్లకి కావలసింది రాగి, ఇత్తడి, అల్యూమినియం. బోరు కేబుల్ కోసి, పైన తొడుగు కాల్చేసి, లోపల రాగి తీగ పాత సామాన్ల కొట్లో అమ్ముతారు. దొంగకి వచ్చేది వందల్లో, బడికి పోయేది వేలల్లో. నా వృత్తి ఇదే కాబట్టి చెబుతున్నాను, ఈ దొంగతనాన్ని ఆపాల్సింది ముందు మేమే, అంటే పాత ఇనుము కొనేవాళ్లు, వైండింగ్ షాపులవాళ్లు. కాల్చిన రాగి చూడగానే మాకు తెలుస్తుంది. ఇంటి వైరింగ్ మార్చినవాడు తొడుగు కాల్చి తీసుకురాడు, తీగ చుట్టి తెస్తాడు. తెలిసి కొంటే మనకి కూడా కేసే, దొంగసొత్తు కొన్నందుకు ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. ప్రభుత్వ ఆస్తి దొంగిలిస్తే 305 సెక్షన్, ఏడేళ్ల దాకా. ఈ మాట మా వీధిలో కొట్లవాళ్లందరికీ చెప్పాను. ఒకతను "నేను కాకపోతే ఇంకొకడు కొంటాడు కదన్నా" అన్నాడు. ఆ ఇంకొకడు కూడా కొనకుండా ఉండాలంటే అందరం ఒక మాట మీద ఉండాలి, అతనికీ అదే చెప్పాను, ఇక్కడా అదే చెబుతున్నాను.

బడివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మోటారు బాడీ మీద, స్టార్టర్ మీద, ఫ్యాన్ రాడ్డు మీద బడి పేరు చెక్కించండి, పెయింటు రాస్తే గీకేస్తారు, చెక్కితే అమ్మడం కష్టం. చెక్కే మెషీన్ నా దగ్గర ఉంది, బడులకి డబ్బు తీసుకోను. స్టార్టర్ బాక్సు బయట గోడకి కాకుండా గది లోపల పెట్టించండి, కేబులు పైపులో దూర్చి భూమిలో పాతించండి, బోరు మూతకి వెల్డింగ్ చేయించండి. బయటి కుళాయిలకి ఇత్తడి వద్దు, ప్లాస్టిక్‌వి చాలు, వాటిని ఎవరూ ఎత్తుకుపోరు. ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఫోటో తీసి స్టాకు రిజిస్టర్‌లో రాసి పెట్టుకుంటే, పోయిన రోజు స్టేషన్లో కంప్లయింట్ ఇవ్వడానికి ఒక ఆధారం ఉంటుంది. చాలామంది హెచ్‌ఎంలు కంప్లయింట్ ఇవ్వరు, ఇస్తే మీరేం చేస్తున్నారని పైనుంచి తమనే అడుగుతారని టెన్షన్. అది తప్పని నేననను, వాళ్ల ఇబ్బంది వాళ్లది. అందుకే కంప్లయింట్ మీద కమిటీ మెంబర్లు కూడా సంతకం పెట్టాలి, హెచ్‌ఎం గారి వెంట నలుగురు స్టేషన్‌కి వెళ్లాలి.

సీసీ కెమెరాలు పెడితే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లు చాలామంది. పెట్టండి, వద్దనను. కానీ కరెంటు పోతే కెమెరా పోతుంది, రికార్డు చేసే డబ్బాని గదిలో దాచకపోతే దాన్నే ముందు ఎత్తుకుపోతారు, పది పదిహేను రోజులకి పాత రికార్డు చెరిగిపోతుంది, సెలవుల్లో చూసేవాడే ఉండడు. వాచ్‌మన్ సంగతీ అంతే. ఆ మధ్య హైస్కూళ్లలో నైట్ వాచ్‌మన్లను పెట్టారు, నెలకి 6,000 రూపాయలు. ఆ డబ్బుకి ఒక పెద్దాయన రాత్రంతా ఒక్కడే చీకట్లో గుంపుగా వచ్చినవాళ్లని ఎదిరించాలని ఎలా ఆశిస్తాం? ఆయనకి ఒక మంచి టార్చి, నాలుగు మూలలా నాలుగు లైట్లు, పిలిస్తే పలికే ఇద్దరు ఎదురింటివాళ్లు ఉండాలి. లైట్లు పంచాయతీ వేయించవచ్చు, వీధిలైట్లు వాళ్ల పనే కదా.

నా మటుకు నాకు అర్థమైందొకటే. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు, అయిదు దాకా బడి పిల్లలది, టీచర్లది. గంట కొట్టాక అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని చోటుకి తాగేవాడు వస్తాడు, దొంగ వస్తాడు. గేటుకి ఎంత పెద్ద తాళం వేసినా గోడ దూకుతారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడి మా బడి వెనక గోడ కూలింది, ఆ సందులోంచే అన్ని రకాల మనుషులూ వచ్చేవారు. గోడ కట్టాక కూడా వచ్చారు. ఆగింది ఎప్పుడంటే గ్రౌండులో సాయంత్రాలు మనుషులు ఉండడం మొదలయ్యాక.

మా జిల్లాలో ఆర్మీ, పోలీసు సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్లు లేని ఊరు లేదు. తెల్లవారుజామున అయిదింటికి, మళ్లీ సాయంత్రం పరుగు. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన పరిగెత్తేవారు, ప్రాణాలకి తెగించి. వాళ్లని మేమే బడి గ్రౌండులోకి పిలిచాం. హెచ్‌ఎం గారి అనుమతితో గేటు తాళం ఒకటి వాళ్లలో ఇద్దరి దగ్గర ఉంటుంది, పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి, గదుల తాళాలు మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం వాలీబాల్ నెట్ కట్టాం. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా లైటు వెలుగుతుంది, కుర్రాళ్ల అరుపులు వినిపిస్తాయి. మెట్ల మీద తాగేవాళ్లని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. సొంత అన్నదమ్ముల కొడుకులు ఎదురుగా ఆడుతుంటే సీసా తీయడానికి వాళ్లకే మొహం చెల్లలేదు. ఆ కుర్రాళ్లకీ ఒక భయం ఉంది, కేసులో పేరుంటే పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఉద్యోగం ఆగిపోతుంది, అందుకని బడి ఆస్తిని కళ్లలో పెట్టుకుని చూస్తారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చారు. ఆవిడ పెరిగిన జిల్లాలో సాయంత్రం ఆడుకోవడానికి పిల్లలకి బడి గేటు తెరవడానికి మనం ఇంత ఆలోచిస్తున్నాం.

మరి పిల్లలు చేస్తూ పట్టుబడితే? ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. పదో తరగతి పిల్లవాడు ఒకడు స్విచ్ బోర్డులు పగలగొట్టాడు. కమిటీలో సగం మంది స్టేషన్‌లో పెట్టిద్దాం, బుద్ధి వస్తుందన్నారు. వాళ్ల మామ్మని పిలిచాం. ఆవిడ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయి, "ఆడి అమ్మా నాన్నా అయిదరాబాదులో బిల్డింగు పనికెళ్లిపోనారు నాయినా, మూడేళ్లయింది. నా మాట ఇంటాడేటి ఆడు? మీరే సెప్పండి" అంది. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని! హైదరాబాద్, ముంబై, గల్ఫ్, ఎక్కడ పని ఉంటే అక్కడికి పెద్దవాళ్లు వెళ్లిపోతారు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరుగుతారు. వాడికి బోర్డు మీద కోపం లేదు.

చట్టం కూడా పిల్లవాణ్ని జైల్లో పెట్టమని చెప్పదు. ప్రభుత్వ ఆస్తికి నష్టం చేస్తే 1984 చట్టం కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉన్నమాట నిజమే, కానీ పద్దెనిమిది నిండనివాళ్లకి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. లాకప్‌లో పెట్టకూడదు, ఇలాంటి చిన్న నేరాలకి ఎఫ్ఐఆర్ కూడా రాయకుండా స్టేషన్ డైరీలో రాసి, పిల్లవాడి ఇంటి పరిస్థితి రిపోర్టుతో జువెనైల్ బోర్డుకి పంపాలి. బోర్డు కూడా ఎక్కువగా కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటివే చెబుతుంది. కొట్టడం అసలే కుదరదు, విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. అయినా కొట్టి ఎవరిని బాగుచేశాం? మేం ఏం చేశామంటే, వాడి మావయ్యని పిలిచి ఆయన ఎదురుగా, ఆదివారం నేను కొత్త బోర్డులు బిగిస్తుంటే వాణ్ని పక్కన నిలబెట్టి స్క్రూలు అందించమన్నాం, మెయిన్ ఆఫ్ చేసే ఉంది లెండి. మొదటి బోర్డు దగ్గర మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. మూడో బోర్డుకి వచ్చేసరికి "ఈ వైరు ఎర్రది ఎందుకు, ఇది నల్లది ఎందుకు" అని అడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు గురించి అడుగుతున్నాడు. ప్రతి పిల్లవాడూ ఇలా మారతాడని నేననను, కానీ స్టేషన్‌కి పంపి ఉంటే వాడు బడి మానేసేవాడని మాత్రం గట్టిగా చెప్పగలను.

చేతికి గంజాయి వచ్చిన పిల్లవాడి విషయం వేరు, అక్కడ ఆలస్యం చేయకూడదు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్నాం, రైలూ హైవే రెండూ మన మీదుగానే వెళతాయి, ఆ సరుకు మన ఊళ్ల మీదుగా పోతోందని అందరికీ తెలుసు. పరువు పోతుందని దాచకండి. గంజాయి, మత్తుమందుల్ని పట్టుకునే పోలీసు విభాగం ఈగల్, వాళ్ల నంబరు 1972, చెప్పినవాళ్ల పేరు బయటపెట్టరు. పట్టించాల్సింది అమ్మేవాణ్ని, అలవాటు పడిన పిల్లవాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. బడికి వంద గజాల లోపు సిగరెట్లు, ఖైనీ, గుట్కా అమ్మకూడదని చట్టం ఉంది, ఒకసారి మీ బడి గేటు దగ్గర నిలబడి కొట్లు చూడండి. పిల్లల్ని ఎవరైనా వేధిస్తున్నా, బెదిరించి డబ్బు లాక్కుంటున్నా 1098కి చేయవచ్చు, పిల్లలే నేరుగా చేయవచ్చు. ఆ నంబరు ప్రతి తరగతి గోడ మీద రాయించండి.

డబ్బుల్లేవు అనేవాళ్లకి ఒక మాట. 2025 జూన్‌లో బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు వచ్చినప్పుడు 15,000లో తల్లి ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకి అని పక్కన పెట్టారు. అంటే ఆ కుళాయి, ఆ గొళ్లెం, ఆ ఫ్యాన్ రెక్క మన పిల్లల డబ్బే. కమిటీ మీటింగులో లెక్క అడగడానికి మనకి హక్కు ఉంది, అడగండి. ఇంకొకటి, చిన్న రిపేరు వెంటనే చేయించండి. ఒక అద్దం పగిలి వారం రోజులు అలాగే ఉంటే రెండోది పగులుతుంది, అదే రోజు మార్చేస్తే మూడొంతుల మంది మళ్లీ దాని జోలికి వెళ్లరు, ఇది మా బడిలో చూశాను. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి, వెల్డర్, ఊరికి నలుగురూ ఉంటారు, వాళ్ల పిల్లలు కూడా అదే బడిలో ఉంటారు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

పదో తరగతి పరీక్షలు అయిన రోజు గురించి కూడా ముందే ఆలోచించాలి. ఏడాది మొత్తంలో ఎక్కువ విరిగేది ఆ రోజే. ఇంక నన్నెవరూ ఏమీ అనలేరు అన్న ఊపులో బెంచీలు విరగ్గొడతారు, పుస్తకాలు చింపి గాల్లో వేస్తారు. కిందటేడు మా టీచర్లు ఆ సాయంత్రం వాళ్లచేతే గ్రౌండులో మొక్కలు నాటించి, వంటగదిలో పులిహోర చేయించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడారు. బెంచీలు చెక్కుచెదరలేదు.

ఈ వేసవికి మా కమిటీ అనుకున్నది చెబుతాను, పనికొస్తే మీ ఊళ్లోనూ చేయండి. తాళం వేసే ముందు రోజు ప్రతి గది ఫోటో తీస్తాం. బోరు కేబులు నేనే విప్పి చుట్ట చుట్టి స్టాఫ్ రూములో పెడతాను. సిలిండర్లు రెండూ వంట చేసే పొదుపు సంఘం ఆవిడ ఇంట్లో, రిజిస్టర్‌లో సంతకంతో. సచివాలయం మహిళా పోలీసు వారానికి ఒకసారి వచ్చి చూస్తామన్నారు. పొద్దున్న, సాయంత్రం కుర్రాళ్లు ఉంటారు. తేలనిది మే నెల మధ్యాహ్నాలు. ఆ ఎండకి వీధిలో మనిషి ఉండడు, అందరూ తలుపులేసుకుని పడుకుంటారు, కిందటేడు కుళాయిలు పోయింది కూడా పట్టపగలే. బడి ఎదుటి వీధిలో నీడకి వేపచెట్టు ఉంది, దాని కింద చలివేంద్రం పెట్టి ఒక మనిషిని కూర్చోబెడదామని పంచాయతీని అడిగాం. సర్పంచ్ గారు సరే అన్నారు, డబ్బు దగ్గర ఆగింది. వచ్చే గ్రామసభలో మళ్లీ అడుగుతాం, ఊరివాళ్లు కాస్త ఎక్కువమంది రండి.